సవితితల్లి చిన్నప్పటి కథ

1994లో నేను మద్రాసు పక్కన తిరువొత్తియూరులో ఒక ఆస్పత్రి పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని. ఆ వానల్లో లలిత అనే ఏడేళ్ళ పిల్ల టైఫాయిడ్‌తో చేరింది. జ్వరం దిగింది గానీ అన్నం ముట్టదు. తినకపోతే డ్రిప్ ఆపడానికి లేదు. డ్రిప్ అంటే నరంలోకి ఎక్కించే ఉప్పూ చక్కెరా కలిసిన నీళ్ళు. ఆ పుల్లల్లాంటి చేతుల్లో గుచ్చడానికి నరం దొరక్క నాకే ఏడుపొచ్చేది.

తండ్రి ఫ్యాక్టరీకి పోతే పక్కన కూచునేది ఆయన రెండో భార్య రాజ్యం. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. రసమన్నం మెత్తగా పిసికి నోటిదాకా తెచ్చేది, పిల్ల పళ్ళు బిగించేది. నేను పెడితే రెండు ముద్దలు తినేది. వార్డంతా నా నెత్తిన ఉంటే పూటపూటా నేనెక్కడ కూచోను?

"ఏమే, పిన్ని పెడితే తినడానికి ఏం రోగం?" అన్నాను ఒకరోజు.

"సవితితల్లి అన్నంలో విషం పెడతాది. కథలో ఉండాది," అంది.

రాజ్యం తల దించుకుంది. నాకు ఒళ్ళు మండింది, పిల్ల మీద కాదు, ఆ కథ మీద.

"నీకు సగమే చెప్పినారు," అని మంచం అంచున కూచున్నా. "ఆ సవితితల్లి కూడా ఒకప్పుడు నీయంత పిల్లే. అమ్మ పోతే మేనత్త ఇంట్లో పెరిగింది. అందరూ తిన్నాక అడుగూ బొడుగూ మిగిల్తే తినేది. తిన్నావా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. పెళ్ళై కొత్తింటికొస్తే ఆడుండే పిల్ల మొహాన తలుపేసింది. దాని మనసు విరిగిపోయింది."

"అయితే విషం పెట్టొచ్చా?"

"పెట్టగూడదు. అది తప్పే."

నోటికొచ్చినట్టు అల్లుతున్నా. అంతలో రాజ్యం మెల్లగా, "మా ఇంట్లో మేనత్త కాదు సిస్టర్, పెద్దమ్మ," అంది.

లలిత ఆమె వైపు తిరిగింది. "ముందు నువ్వు తిను," అంది.

విషం ఉందో లేదో చూస్తోందనుకున్నా. రాజ్యం కూడా అదే అనుకుందేమో, గమ్మున ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఇంకోటి తిను. పొద్దన్నించీ నువ్వేం తిన్లేదు గదా," అంది లలిత.

రాజ్యం ఇంకో ముద్ద తింది. ఆ తర్వాత పిల్ల నోరు తెరిచింది. మర్నాడు డ్రిప్ తీసేశాం.

అప్పట్నించీ వార్డులో ఎన్ని కథలు చెప్పానో. పిల్లలు రాక్షసిని చంపమంటే చంపుతాను. కానీ చిన్నప్పుడు దానికి అన్నం పెట్టిందెవరో చెప్పకుండా మాత్రం చంపను.