సీసా మీద గీత

ముందు తాళం లాగిన చప్పుడు వినిపిస్తుంది. ఒకసారి లాగడం, కాస్త ఆగి మళ్ళీ లాగడం. మెట్ల దాకా వెళ్ళిన చెప్పులు వెనక్కి వచ్చి ఇంకోసారి లాగడం. అప్పుడు గానీ మా పక్క వాటాకి తెల్లవారదు. ఆ తర్వాత కనిపిస్తుంది ఆవిడ. భుజాన సంచి, చేతిలో ఆరేళ్ళ కూతురి చెయ్యి, దేన్నీ ఊరికే వదలని చూపు.

"మొగుణ్ణి నమ్మవనుకున్నా. తాళాన్ని కూడా నమ్మవన్నమాట," అంటాడు కింద నుంచి వాళ్ళాయన. బస్సు నడుపుతాడు, ఆలస్యమంటే పడదు.

"తాళం లాగితే పలుకుతుంది. నువ్వు పలుకుతావా?" అంటుంది ఆవిడ మెట్లు దిగుతూ.

లాండ్రీలో బట్టలు తీసుకునే బల్ల దగ్గర ఆవిడ పని. వచ్చిన చొక్కాని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటుంది. మరకలన్నీ తెచ్చినవాళ్ళ చేతే ఒప్పించాక లోపలికి పంపుతుంది. లేకపోతే రేపొచ్చి, ఇది మీ దగ్గరే అయిందంటారు. ఏళ్ళ తరబడి అలా చూసీ చూసీ, మనుషుల్ని కూడా వెలుతురుకి ఎత్తి చూడటం అలవాటైపోయింది.

కూతుర్ని ఇంట్లో పిచ్చుక అని పిలుస్తారు. గలగలా మాట్లాడుతూ ఒక్కోసారి చటుక్కున ఆగిపోతుంది పిచ్చుక. కళ్ళు తెరిచే ఉంటాయి, వాటిలో పాప ఉండదు. కిటికీ తెరిచి వెళ్ళిపోయిన గదిలా ఉంటుంది ఆ మొహం. కాసేపటికి తిరిగొచ్చి, వదిలేసిన మాట దగ్గరే మళ్ళీ అందుకుంటుంది. అదొక రకం మూర్ఛ అన్నాడు డాక్టరు. మూడు పూటలా మందు పడాలి, ఏ పూటా తప్పకూడదు అన్నాడు. పొద్దునా రాత్రీ ఇంట్లో తల్లి పోస్తుంది. మధ్యాహ్నం మందు బడిలో వేరే సీసాలోంచి ఆయమ్మ పోస్తుంది. మందు మొదలెట్టాక చాన్నాళ్ళు పాప ఎక్కడికీ వెళ్ళలేదు.

ఈమధ్య మళ్ళీ వెళ్తోంది. అదీ బడి వదిలే వేళకి. ఒకరోజు బడి మెట్ల మధ్యలోనే అలా ఆగిపోయింది. వెనకాల పిల్లలు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఇంకోసారి ఇలా అయితే పాపని ఇంట్లోనే ఉంచుకోండి అంది పెద్ద టీచరు.

"ఆయమ్మ మందు సరిగ్గా పోయట్లేదక్కా," అంది ఆవిడ ఆ సాయంత్రం, మా గుమ్మంలో నిలబడి. "సీసా మీద గీత గీసి పెట్టాను. వారం వారం వెళ్ళి చూస్తున్నా. తగ్గాల్సినంతే తగ్గుతోంది."

"మరింకేం?"

"అదే నా అనుమానం. అంత సరిగ్గా ఎవరు తగ్గిస్తారు?"

నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు. సంచిలోంచి తెల్లగుడ్డ ముక్క తీసింది, లాండ్రీ గుడ్డ. దాని మీద ఎండిపోయిన చుక్కలు రెండు. ఒకటి సున్నం పూసినట్టు మందంగా ఉంది. రెండోది కన్నీటి చుక్క ఆరినట్టు, ఉందా లేదా అన్నట్టుంది.

"ఇది ఇంటి మందు. ఇది బడి మందు, సీసా వంచి గుడ్డకి అద్దుకొచ్చా. నీళ్ళు కలుపుతోంది."

"ఎందుకు కలుపుతుందే? ఆవిడకేం లాభం?"

"లాభమే ఉండాలా? ఎప్పుడో చెయ్యి జారి ఒలికి ఉంటుంది. నేను తిడతానని కుళాయి తిప్పి ఉంటుంది. గుడ్డ అబద్ధమాడదక్కా. రేపు చెప్పకుండా వెళ్దాం. నువ్వు సాక్షి. నువ్వు చూశాక పెద్ద టీచరుకి చెప్పి ఆవిణ్ణి అక్కణ్ణించి పంపించేయిస్తా."

అనుమానం తడి లాంటిది, గోడ దాటి మా ఇంట్లోకీ వచ్చేసింది. ఆ రాత్రి పాలగిన్నె దీపం కింద పెట్టి, పాలు పలచగా ఉన్నాయా అని నేనూ చూశాను.

మర్నాడు మధ్యాహ్నం బడి వరండాలో, మందుల గది కిటికీ పక్కన నక్కి నిలబడ్డాం. లోపల పిచ్చుక బెంచీ మీద కూర్చుని కాళ్ళాడిస్తోంది. ఆయమ్మ భారీ మనిషి, కళ్ళజోడు దారంతో మెడకి వేలాడుతోంది. బీరువా తీసి, నిద్రపోతున్నదాన్ని లేపకూడదన్నట్టు రెండు చేతులతో మెల్లగా సీసా తీసింది. మందులో చిన్న అల కూడా లేదు. సూది లేని సిరంజితో గుర్తు దాకా లాగింది. వెలుతురుకి పెట్టి చూసుకుంది. ఒక్క చుక్క పోకుండా పాప నోట్లో వేసింది.

"మింగావా? ఏదీ, ఆ అను."

"ఆ," అంది పిచ్చుక, నోరు ఇంత చేసి.

కుళాయి వైపు ఆయమ్మ వెళ్ళనైనా వెళ్ళలేదు. నా పక్కనున్నావిడ చటుక్కున తలుపు తోసుకుని లోపలికి పోయింది.

"ఊపలేదేం? అడుగున పేరుకునే మందది. ఊపకుండా పోశావేం?"

ఆయమ్మ ఉలిక్కిపడి కళ్ళజోడు సర్దుకుంది. "మీరా అమ్మా! ఊపితే మీకు కోపం కదా."

"నాకా?"

"మీకే. మొదట్లో బాగా ఊపే పోసేదాన్ని. మీరు చూడటానికొచ్చిన రోజు నురగ లేచి మీ గీత దాటింది. ఇందులో ఏం కలిపావని గొడవ చేశారు. ఇంక కదిపితే ఊరుకోను, గీత తెలియాలి అన్నారు. అప్పట్నుంచి పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తుతున్నా. ఇప్పుడు ఊపమంటారా, వద్దంటారా? ఏదో ఒకటి చెప్పండి తల్లీ."

ఆవిడ సీసా అందుకుని కిటికీ వెలుతురుకి ఎత్తింది. పైన పలచటి నీళ్ళు. అడుగున, పాపకి అందాల్సిన మధ్యాహ్నాలన్నీ తెల్లగా పేరుకుని ఉన్నాయి. అమ్మ ఎందుకొచ్చిందో తెలియక పిచ్చుక కాళ్ళాడించడం మానేసింది.

ఆవిడ అక్కణ్ణించే డాక్టరుకి ఫోన్ చేసింది. ఆ సీసా ఇంక వాడొద్దన్నాడు. ఇప్పుడు ఊపినా, మిగిలింది మరీ చిక్కనైపోయి మోతాదు మించుతుంది. ఈ పూటకి ఇంకేం పోయొద్దు, రేపటికి కొత్త సీసా తెరిచి ప్రతిసారీ బాగా ఊపి పోయండి అన్నాడు. ఆయమ్మ అంతా పక్కనే నిలబడి వింది.

"కొత్త సీసా సాయంత్రం తెచ్చిస్తాను," అంది ఆవిడ నేల వైపు చూస్తూ.

"ఎంత ఊపాలో కూడా చూపించి పోండి," అంది ఆయమ్మ. "తర్వాత ఎక్కువ ఊపావని రాకుండా."

బయట ఎండ తెల్లటి గుడ్డలా వీధంతా పరుచుకుని ఉంది. ఆవిడ గబగబా నడిచింది. తల ఎత్తలేదు. బడిలోంచి వచ్చేటప్పుడు పెద్ద టీచరు గది వైపు కూడా చూడలేదు. మందుల షాపు మలుపులో ఆగి, నా చెయ్యి పట్టుకుంది.

"ఆవిడ తప్పేం లేదక్కా, అంతా నా వల్లే. పాపం, నోరు మెదపకుండా నేను చెప్పినట్టే చేసింది. ఇంక ఆ గది వైపు తొంగి కూడా చూడను, ఒట్టు. రేపు మధ్యాహ్నం మాత్రం నువ్వొకసారి అటుగా వెళ్ళి, ఊపుతోందో లేదో చూసొస్తావా? నేనెళ్తే బాగోదు."