తుడిచిన ఇంట్లో దొరికిన వేలిముద్ర

ఆ రోజుల్లో బందరులో నాతో మాట్లాడే మనుషుల్ని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు, ఒక చెయ్యి సరిపోయేది. వేలిముద్రల విభాగంలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఊరు కొత్త, మేడమీద ఒంటి గది. నా పనేమిటో తెలిశాక ఇంటివాళ్ళ కోడలు స్టీలు గ్లాసు మానేసి కాగితం కప్పులో కాఫీ ఇవ్వడం మొదలుపెట్టింది. (ఆవిడ వేలిముద్రలు నేనేం చేసుకుంటానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.) పక్కవాటా మావయ్యగారు నన్ను చూడగానే చేతులు రెండూ వెనక్కి పెట్టుకునేవారు. శనివారం సాయంత్రం ఆఫీసులో 'వస్తానండి' అన్నాక సోమవారం పొద్దున్న 'నమస్తే అండి' అనేదాకా నా గొంతు నాకే వినిపించేది కాదు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరవాత నేను వెలగబెట్టిన ఘనకార్యం మీద మీకు కాస్తయినా జాలి కలుగుతుందని.

నన్ను ఒంటరిగా పంపిన మొదటి కేసు దివిసీమలోని ఒక పల్లెలో. రిటైరైన టీచరుగారింట్లో బీరువాలోని బంగారు గాజులు పోయాయి. ముందురోజు ఇంట్లోకి వచ్చిన బయటి మనిషి కొబ్బరికాయలు దింపే ఆయనొక్కడే కాబట్టి, పొద్దుటే ఆయన్ని స్టేషనుకి తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారట. జీపులో పులిగడ్డ వంతెన దాటుతుండగా, నన్ను తీసుకెళ్ళడానికొచ్చిన స్టేషను హెడ్డుగారు ఈ సంగతి చెప్పి, "ఇంక మీ చేతిలోనే ఉందండి మేడమ్" అన్నారు. ఆ మాటకి నా వెన్ను దానంతటదే నిటారుగా అయిపోయింది.

తీరా వెళ్ళేసరికి ఇల్లు అద్దంలా మెరిసిపోతోంది. టీచరుగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. "పోలీసులొస్తారని తెలిసీ ఇల్లు అలా వదిలేస్తామా తల్లీ. బీరువా, తలుపులు, గడియలు, అన్నీ తడిగుడ్డ పెట్టి తుడిచేశాను" అన్నారు ఎంతో తృప్తిగా. హెడ్డుగారు నా చెవి దగ్గరికి వంగి, "దొంగ కూడా ఇంత శుభ్రంగా తుడవడండి" అని, చుట్టుపక్కల వాకబు చేయడానికి వెళ్ళిపోయారు. ఆవిడ నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. (స్టీలు గ్లాసులో.) చేతి తొడుగులు తీసేసి తాగాను. ఏ ఊరమ్మా అన్నారు, చెప్పాను. వంట నువ్వే చేసుకుంటావా అన్నారు, చెప్పాను. అడగనివి కూడా చెప్పాను. ఆవిడ తన బళ్ళో పిల్లల గ్రూపు ఫోటోలు చూపిస్తే, బీరువా అద్దానికి చెయ్యి ఆనించి నిలబడి ఒక్కొక్కళ్ళ కథా విన్నాను. గంట గడిచాక ఉద్యోగం గుర్తొచ్చి, తొడుగులు వేసుకుని పొడి చల్లడం మొదలుపెట్టాను. ఎక్కడా ఏమీ లేదు, బీరువా అద్దం మీద తప్ప. అక్కడ ముగ్గేసినంత అందంగా ఒక వేలిముద్ర. ఇంత తుడిచిన ఇంట్లో అదొక్కటే ఎలా మిగిలిందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే మీకు ఈ కథ చదివే శ్రమ తప్పేది. నేను ఆలోచించలేదు. ఫోటో తీసి, టేపుతో జాగ్రత్తగా ఎత్తి, కార్డు మీద అంటించాను. ఇంటావిడ ముద్రలూ, హెడ్డుగారివీ కూడా పోల్చి చూడటానికి తీసుకున్నాను. "మళ్ళీ వస్తానండి" అని బయల్దేరాను.

స్టేషనులో తీసిన కొబ్బరాయన ముద్రలతో పోల్చి, అది ఆయనది కాదని గంటలో తేల్చేశాను. అదే మాట రాసిస్తే ఎస్సైగారు సాయంత్రానికి ఆయన్ని ఇంటికి పంపేశారు. నాకు ఎంత గర్వమంటే, ఆ వేళ రెండు కూరలు వండుకున్నాను. తరవాత మూడు రోజులు ఆ ముద్రే నాకు తోడు. వేలి మధ్యలో అడ్డంగా సన్నటి గాటు. కొడవలి తగిలి తెగి ఉంటుంది, కష్టజీవి అనుకున్నాను. ఒక్కడే ఉంటాడేమో, చెప్పుకునే దిక్కులేక ఈ పనికి దిగాడేమో అని జాలి కూడా పడ్డాను.

శుక్రవారం మా పెద్దసారు వచ్చి, కార్డు భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశారు.

"ఇంట్లోవాళ్ళవి తీసుకున్నావా?"

"తీసుకున్నానండి. హెడ్డుగారివి కూడా."

"ఇంకెవరొచ్చారు ఆ ఇంటికి?"

"ఇంకెవరూ రాలేదండి."

"నువ్వు వెళ్ళలేదా అమ్మా?"

ఎడమచేతి నడిమివేలు చూసుకున్నాను. బీరకాయ తరుగుతూ కత్తిపీట మీద కోసుకున్న గాటు అక్కడే ఉంది. సారు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "రిపోర్టు సరిచేసి రాయి. ఎస్సైగారికి నువ్వే వెళ్ళి చెప్పు" అన్నారు. నా రాత తప్పయితే కొబ్బరాయన్ని మళ్ళీ బెంచీ ఎక్కిస్తారని తెలిసీ రిపోర్టు సరిచేసి రాశాను.

మర్నాడు బస్సెక్కాను. నేరుగా స్టేషనుకి వెళ్ళే ధైర్యం చాలక టీచరుగారింటి దగ్గర దిగి, గుమ్మంలోనే నా తప్పంతా చెప్పేశాను. ఆవిడ లోపలికెళ్ళి కందిపప్పు డబ్బా తెచ్చి మూత తీశారు. గాజులు.

"నేనే దాచి మర్చిపోయానమ్మా."

"ఎప్పుడు దొరికాయండి?"

"నువ్వెళ్ళిన మర్నాడే."

"స్టేషనుకి చెప్పలేదేమండి?"

"ఆయన్ని వదిలేశారుగా." ఆవిడ డబ్బా మూత తిప్పుతూ ఉండిపోయారు. "మళ్ళీ వస్తానన్నావు. దొరికాయంటే ఇంకెందుకొస్తావు?"

ఇద్దరం ఆటోలో స్టేషనుకి వెళ్ళి ఎస్సైగారి ముందు నిలబడ్డాం. ఎవరు ముందు చెప్పాలో తేలక ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టాం. ఆయన తల పట్టుకుని, "ఒకళ్ళ తరవాత ఒకళ్ళు చెప్పండమ్మా" అన్నారు. అంతా విని రాతకోతలు పూర్తి చేయించి పంపారు. అసలు కష్టం కొబ్బరాయనింటి దగ్గర. ఆయన కోప్పడలేదు. "నేను తియ్యలేదని నాకు తెల్సండి. ఊరికెవరు చెప్తారు?" అన్నారంతే. టీచరుగారు అప్పటికప్పుడు ఆ వీధిలో ఇంటింటికీ వెళ్ళి, "గాజులు నా పప్పు డబ్బాలోనే ఉన్నాయమ్మా, తప్పు నాది" అని చెప్పారు. పక్కనే నేను, "సగం నాదండి" అంటూ వెళ్ళాను. చివరి ఇంటికొచ్చేసరికి కొబ్బరాయనే మా వెనకాల ఆ తలుపు దాకా వచ్చి, "చాల్లెండి, ఎండలో తిరక్కండి" అన్నారు.

ఆ తరవాత రెండు ఆదివారాలు టీచరుగారింటికి భోజనానికి వెళ్ళాను. మూడో ఆదివారానికి గుడివాడ డ్యూటీ పడింది, ఆ పైన బదిలీ. వెళ్దాం వెళ్దామనుకుంటూనే సంవత్సరాలు గడిచాయి. ఆవిడ ఫోను నంబరు కూడా తీసుకోలేదు. ఇప్పుడు నా కింద కొత్తవాళ్ళు పనిచేస్తున్నారు. తప్పులు చేస్తే రిపోర్టు తిరగరాయిస్తాను, అందులో మొహమాటం లేదు. ఆనాటి ఆ పిల్లే నా ముందు నిలబడితే ఆమె చేతా రాయిస్తాను. కాకపోతే ముందు కుర్చీ చూపించి, అన్నం తిన్నావా అని అడుగుతాను. తీరిగ్గా చెప్పనిస్తాను. చాలాసేపు చెబుతుంది, నాకు తెలుసు.