గడ్డం కింద మైకు

అత్తయ్య పోయిందన్న కబురు బ్యాంకులో నా బోర్డు మీదికే వచ్చింది. నేను అక్కడ టెలిఫోన్ ఆపరేటర్‌ని. బయటినుంచి వచ్చే ప్రతి ఫోనూ ముందు నా చెవిలో పడాల్సిందే. ఎప్పట్లాగే నమస్కారం చెప్పి, ఎవరు కావాలండీ అని అడిగాను. అవతల మామయ్య. "నువ్వేరా కావాల్సింది" అని, ఇక మాట్లాడలేకపోయాడు. నాకు అర్థమైంది.

విజయవాడ భవానీపురంలో ఇంటికి వెళ్ళి మా ఆవిడను తీసుకుని పామర్రు బస్సెక్కాను. అక్కడ ఎవరో నన్ను అత్తయ్య పక్కన కూర్చోబెట్టారు. ఆవిడ అరచేయి వెతికి పట్టుకుని, నా చూపుడువేలితో 'వచ్చాను' అని రాశాను. ఆ ఇంటికి ఎప్పుడు వెళ్ళినా నా మొదటి పని అదే. రాయడం అవగానే ఆవిడ గుప్పిట మూసి నా వేలు ఒకసారి నొక్కేది, అందిందిలే అన్నట్టు. ఆ రోజు కూడా అలవాటుకొద్దీ కాసేపు ఆగాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు గొల్లుమన్నారు. నేనూ ఏడ్చాను. కానీ సమాధి దగ్గర ప్రార్థన జరుగుతుంటే, ఈ పాస్టరుగారి మీసాలు పెదాల మీదికి పడుతున్నాయని, ఒక్క ముక్కా తెలియడం లేదని ఆవిడ ఎన్నేళ్ళు సణిగిందో గుర్తొచ్చి నవ్వొచ్చింది. అత్తయ్యను తలుచుకుంటే నాకు ముందు నవ్వే వస్తుంది. చదివేవాళ్ళు మరోలా అనుకోకండి.

మా సంగతి కాస్త చెప్పాలి. అత్తయ్య మా నాన్నకు చెల్లెలు. పెళ్ళయిన కొత్తల్లో టైఫాయిడ్ వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. మాట మిగిలింది, అదీ వీధి చివరిదాకా వినపడేంత గట్టిగా. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టేసేది. నాకేమో మూడో తరగతిలో చూపు పోయింది. అప్పటికి గుణింతాలు వచ్చు కాబట్టి రాయడం మర్చిపోలేదు. సెలవులకు నన్ను పామర్రులో దింపేవారు. మాట్లాడేటప్పుడు నా మొహం ఏ గోడవైపో తిరిగి ఉండేది. అత్తయ్య వచ్చి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకునేది. "గోడకెందుకురా చెప్తావు, దానికీ చెవుల్లేవు" అనేది.

తొంభైల్లో సాయంత్రమైతే కరెంటు పోయేది. చీకట్లో పెదాలు కనబడవు, అత్తయ్యకు ఏ మాటా అందదు. నాకు చీకటయితేనేం, వెలుగయితేనేం. ఆవిడ అరుగు మీద నా పక్కన కూర్చుని అరచేయి చాపేది. పక్కింటి అత్తాకోడళ్ళ గొడవ నేను వింటూ, ముఖ్యమైన ముక్కలన్నీ ఆ చేతిలో రాస్తూ ఉండేవాణ్ణి. రసవత్తరమైన చోట అత్తయ్య గట్టిగా "అంత మాటందా?" అనేది. దాంతో గొడవ ఆగిపోయేది. మామయ్య మాత్రం ఇవేమీ ఎరగడు. పడక్కుర్చీలో వాలితే చాలు, ఆయన లోకం ఆయనది. ఇంటి మీద పిడుగు పడ్డా లేవడని ఊళ్ళో పేరు.

రెండు వేలు దాటాక, విజయవాడలో ఒక కల్యాణమండపంలో వికలాంగుల సదస్సు పెట్టారు. ఒక గంట మాట్లాడమని నన్ను పిలిచారు. చూపు లేనివాళ్ళు, వినికిడి లేనివాళ్ళు, చక్రాల కుర్చీల్లో వచ్చేవాళ్ళు, వాళ్ళ తల్లిదండ్రులు, అందరూ ఉంటారన్నారు. నాకు మంచి గొంతుందని పేరు. అదొక్కటీ చాలనుకున్నాను. అత్తయ్య మొదటి వరసలో కూర్చుని నా మాటలు అందుకోవాలని మాత్రం పిలుపు వచ్చిన రోజే నిర్ణయించుకున్నాను.

ఆవిడ రానంది. ఏ సభకూ ఆవిడ వెళ్ళదని నాకు తెలుసు గాని, ఎందుకో అప్పుడే తెలిసింది. మామయ్య తమ్ముడి పెళ్ళిలో ఎవరో ఏదో అంటే అందరూ నవ్వారట. బాగుండదని అత్తయ్య కూడా నవ్వింది. అన్నది తన చెవుడు గురించేనని ఎవరో తర్వాత చెప్పారు. అప్పట్నుంచీ జనంలో కూర్చున్నప్పుడు, పక్కవాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో తెలియని చోట ఆవిడకు భయం. ఇది చెప్పి, నేను ఏమంటానోనని వెంటనే కాఫీ పెట్టడానికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చి, సభకైతే రానుగానీ ఇంట్లో వింటాను చెప్పు అంది.

ఆదివారాలు చర్చి అయ్యాక పామర్రు వెళ్ళేవాణ్ణి. అత్తయ్య బియ్యం డబ్బాలో అప్పడాల కర్ర గుచ్చి స్టూలు మీద పెట్టి, ఇదే మైకు అంది. మాది ఆపరేటర్ల అలవాటు: మౌత్‌పీసులోకి మూతి దూర్చి, పక్కవాళ్ళకు వినపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతాం. అప్పడాల కర్రతోనూ అదే చేశాను. అత్తయ్యకు నా ముక్కు తప్ప ఏమీ కనిపించలేదట. కర్రను కిందికి తోసి నా గడ్డానికి ఆనించింది. మైకు ఎప్పుడూ గడ్డం కింద ఉండాలని, నోటికి అడ్డం రాకూడదని చెప్పింది.

నేను 'సాధికారత' అని మొదలుపెట్టాను. మళ్ళీ చెప్పమంది. చెప్పాను.

"ఆ మాటలో ఒక్కసారైనా పెదాలు కలవవేంట్రా? ఆవులించినట్టుంది. అసలు దానికర్థమేంటి?"

మన పని మనం చేసుకోగలగడం, మన సంగతి మనమే తేల్చుకోగలగడం అని చెప్పాను. అదే చెప్పు మరి, అంది. అలా నా ఉపన్యాసంలోని పెద్ద మాటలన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి. నవ్వొచ్చే మాట చెప్పాక ఆగాలని కూడా నేర్పింది. జనం నవ్వేటప్పుడు తలలు అటూ ఇటూ ఊగుతాయి, వెనకున్నవాళ్ళకు నా నోరు కనపడదు, కాబట్టి ఆ నవ్వు పూర్తయ్యేదాకా నోరు మెదపకూడదు. చెవిటివాడి ముందు శంఖమని నేను వేళాకోళం చేస్తే, ఊదేవాడి బుగ్గలు చూస్తే ఎంత గట్టిగా ఊదుతున్నాడో నాకు తెలుస్తుందిలే అంది.

ఒక ఆదివారం చాలా బాగా చెప్పాను. అసలు అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. ముగించి, ఎలా ఉందత్తయ్యా అన్నాను. జవాబు లేదు. మామయ్య గురక మాత్రం వినబడుతోంది. కాసేపటికి వంటింటి వైపు నుంచి అడుగుల చప్పుడు వచ్చింది. "పాలు పొంగుతున్నాయని లేచాను, ఇంకా మొదలెట్టలేదా?" అంది అత్తయ్య. ఆవిడ వెళ్ళడం నేను చూడలేదు. నేను మొదలెట్టడం ఆవిడ వినలేదు. ఆ ఉపన్యాసమంతా ఖాళీ కుర్చీకి వెళ్ళింది. ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. అప్పుడూ మామయ్య లేవలేదు. మధ్యమధ్యలో ఎదుటివాళ్ళను పలకరించి, ఉన్నారో లేదో, అందుతోందో లేదో అడగాలని ఆ రోజే తెలుసుకున్నాను.

ఆఖరి ఆదివారం అత్తయ్య తనంతట తానే, వస్తానంది. అయితే ఒక షరతు.

"ఇన్నిసార్లు చూశాక నీ మాటలన్నీ నాకు కంఠతా వచ్చేసినయ్. అక్కడ నేను తలూపినా లెక్కలోకి రాదు. నాకు చెప్పని మాట ఒకటి అక్కడ చెప్పు. అది అందితే అందినట్టు."

"అందకపోతే?"

"అందరూ నవ్వాక నవ్వుతాలే. అలవాటేగా."

బస్సులో విజయవాడ వచ్చేదాకా ఆ మాటే నా చెవుల్లో ఉంది.

సదస్సు రోజు మామయ్య ఆవిడను మొదటి వరసలో కూర్చోబెట్టాడు. నా పక్కన సైగలతో చెప్పే అమ్మాయి నిలబడింది, ఆ సైగలు అత్తయ్యకు రావు. నేను నా పేరు చెప్పి, స్టేజీ మీద ఎడమవైపు ఉన్నానని, నీలం చొక్కా వేసుకున్నానని చెప్పి, రంగు మా అత్తయ్య చెప్పిందే గనుక చూపు లేనివాళ్ళంతా నాలాగే నమ్మాలన్నాను. చప్పట్లు పడ్డాయి. ఇంతలో మైకు చూసుకునే అతను మర్యాదగా వచ్చి మైకును నా నోటికి ఎదురుగా ఎత్తి పెట్టాడు. నేను దించాను. అతను మళ్ళీ ఎత్తాడు. మొదటి వరసలోంచి అత్తయ్య గొంతు మైకు అక్కర్లేకుండా మండపమంతా వినపడింది.

"బాబూ, దాన్ని గడ్డం కింద పెట్టండి. వాడి నోరు కనపట్టంలేదు."

వెనకనుంచి ఇంకెవరో, అవునండీ మాకూ కనపట్టంలేదన్నారు. మైకు కిందికి దిగింది. చాలామంది కుర్చీలు సర్దుకుని కూర్చున్న చప్పుడు వినిపించింది.

సగం అయ్యాక, దాచుకున్న మాట దగ్గరికి వచ్చాను. ఆవిడ మొహం నేను చూడలేను. అందిందో లేదో నాకు తెలియాలంటే ఆవిడ నవ్వాలి, అదీ అందరితో కలిసిపోకుండా నవ్వాలి. గడ్డం ఎత్తి, ఆవిడ గొంతు వచ్చిన వైపు మొహం తిప్పి, నెమ్మదిగా చెప్పాను.

"పామర్రులో మా ఇంటికి దొంగల భయం లేదండీ. చిన్న అలికిడైనా నాకు వినబడుతుంది. పిల్లి కదిలినా మా అత్తయ్యకు కనబడుతుంది. ఇక లేచి వాణ్ణి పట్టుకోవాల్సింది, కళ్ళూ చెవులూ రెండూ బాగున్న మా మామయ్య..."

ఆయన నిద్ర లేవడన్న మాట ఇంకా నా నోట్లోనే ఉంది. మొదటి వరసలో ఒక నవ్వు లేచింది. ఒక్క నవ్వే. పక్కన మరో గొంతు లేదు. ఎందుకు నవ్వుతోందో తెలియక, మండపమంతా అత్తయ్యకోసం ఎదురుచూస్తోంది. ఆవిడ నేర్పినట్టే, ఆ నవ్వు పూర్తయ్యేదాకా నేను నోరు మెదపలేదు. అత్తయ్య కూడా ఏమీ తొందరపడలేదు.