డేగ పరీక్ష

ఆ షోరూములో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. డేగ అనేవారు. చాటుగా కాదు, ముఖం మీదే అనేవారు. అన్నప్పుడల్లా ఆయన మీసం దువ్వుకున్నంత పని చేసేవాడు. పది అడుగుల దూరంలో నిలబడి, ధర కార్డు కూడా చూడకుండా, ఇది ఫుల్ హెచ్‌డీ, అది ఫోర్‌కె అని గడగడా చెప్పేస్తుంటే కొనడానికి వచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టేవారు. ఇరవై రెండేళ్ళుగా ఆ కళ్ళే ఆయన ఆస్తి, ఆ కళ్ళే ఆయన పొగరు.

పొగరుంటే ఉంది గానీ పని తెలిసిన మనిషి, అది ఒప్పుకోవాలి. ఆటల కోసం టీవీ కావాలని ఎవరొచ్చినా ముందు టీవీల వైపు నడిపించేవాడు కాదు. ఇంట్లో ఏ గేమింగ్ పెట్టె ఉంది, ఏ ఆట ఎక్కువ ఆడతారు, తెరకి ఎంత దూరంలో కూర్చుంటారు అని ప్లీడరులా నిలదీసేవాడు. పెట్టె పాతదైతే అది పంపేదే ఫుల్ హెచ్‌డీ బొమ్మ, దానికి ఫోర్‌కె తెర దండగ అనేవాడు. చిన్న తెర పెట్టుకుని గది ఆ చివర కూర్చునేవాళ్ళకి కూడా అదే మాట. కొత్త పెట్టె ఉండి, పెద్ద తెరకి దగ్గరగా కూర్చునేవాళ్ళకి మాత్రం ఫోర్‌కె తప్ప ఇంకోటి చూడొద్దని ఒట్టేయించుకునేవాడు. ఎయిట్‌కె అని గొప్పలకు పోయేవాళ్ళు వస్తే, తెర మీది బొమ్మని తయారుచేసే అన్ని చుక్కల్నీ నింపగల ఆటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, మీ గదిలో ఏ చుక్కని చూసుకుని మురిసిపోతారు స్వామీ అని గాలి తీసేసేవాడు. ఇంత నిక్కచ్చిగా చెప్పినా జనం ఆయన దగ్గరికే వచ్చేవారు.

ఇక పరీక్ష సంగతి. దాన్ని పెట్టింది కూడా ఈ మహానుభావుడే. టీవీల విభాగంలో చేరిన ఎవరైనా మూడు నెలలు తిరిగేసరికి డేగ పరీక్ష దాటాలి. పన్నెండు టీవీలు వరసగా పెట్టి, కార్డులన్నీ పీకేసి, అన్నిటిమీదా ఒకే కారు పందెం ఆట నడిపిస్తారు. సినిమా మోసం చేస్తుందనీ, ఆట చెయ్యదనీ ఆయన సిద్ధాంతం. పందెం బాట పక్కన దూరంగా కంచె ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ పెద్ద తెర మీద ఆ కంచె తీగ మెట్లు మెట్లుగా విరిగి కనిపిస్తుంది. ఫోర్‌కెలో గీత గీసినట్టు ఉంటుంది. మూలన వేగం చూపించే చిన్న అంకెలు కూడా అంతే. పది అడుగుల నుంచి చూసి ఏది ఏదో కాగితం మీద రాయాలి. రెండు తప్పులదాకా క్షమిస్తారు. మూడోది పడిందా, ఫ్రిజ్‌ల దగ్గరికి పొమ్మంటారు. ఎవరైనా అందిస్తే రాసినా అంతే.

ఫ్రిజ్‌లంటే ఆ షోరూములో వనవాసమే. తలుపు తియ్యడం, ఎన్ని లీటర్లో చెప్పడం, తలుపు వెయ్యడం. ఇన్నేళ్ళలో ఆరుగురిని అక్కడికి తోలాడు డేగ. ఒకాయన ఇంకొక్కసారి రాస్తానని కళ్ళనీళ్ళు పెట్టుకున్నా వినలేదు.

అలాంటి మనిషికి షుగరు వచ్చింది. మందులు వేసుకోవడానికి బద్ధకం, పథ్యం అంటే ఒళ్ళుమంట. చూసిచూసి అది కళ్ళ మీద పడింది. నాలుగు అక్షరాలు చదవబోతే మధ్యలో రెండు మాయమయ్యేవి. మనిషి ముఖం చూస్తే చెవులు కనిపించేవి గానీ ముక్కు దగ్గర మసి పూసినట్టుండేది. డాక్టరు పరీక్షచేసి, పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోండి అంది. షోరూములో చెప్పెయ్యమని భార్య పోరింది. చెప్తే కదా! డేగకి కళ్ళు లేవట అని నలుగురూ నవ్వుకుంటుంటే ఆ గడప తొక్కడం ఆయనవల్ల అయ్యే పనేనా?

అందుకని ఒక ఉపాయం పట్టాడు. ఎడమ నుంచి మొదటిది ఇదీ, రెండోది ఇదీ అని టీవీల వరసంతా కంఠతా పెట్టేశాడు. కస్టమరు రాగానే, “ముందు మీకేం తేడా కనిపిస్తోందో మీరు చెప్పండి” అనేవాడు. వాళ్ళు చెప్పింది విని తల ఊపేవాడు. అదేదో కొత్త విద్య అనుకుని జనం ఇంకా మెచ్చుకున్నారు. కొన్నాళ్ళు బండి అలాగే నడిచింది.

షోరూములో గుట్టు తెలిసింది ఒక్క మేనకోడలికే. చెల్లెలి కూతురు. ఏడాది కిందట తనే తీసుకొచ్చి టీవీల్లో చేర్చాడు. చిన్నప్పటినుంచీ ఆటలాడి పెరిగిన పిల్ల, పరీక్షలో పన్నెండుకి పన్నెండు తెచ్చుకుంది. ఒకరోజు పొద్దున్నే షోరూము తెరవకముందు వచ్చేసరికి, మావయ్య ఒక టీవీకి ముక్కు ఆనించి కంచె తీగ కోసం వెతుక్కుంటున్నాడు. ఆమెకి సంగతి అర్థమైంది. ఆ రోజునుంచి వరసలో ఏ టీవీ మారినా, పక్కనుంచి వెళుతూ మెల్లగా చెప్పి పోయేది. మూడోది ఇప్పుడు ఫోర్‌కె మావయ్యా, అని. అంతే. దాని గురించి ఇద్దరూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

ఇంతలో పైనుంచి పెద్దసారు దిగాడు. అన్ని షోరూములూ చూసుకునే అధికారి. డేగ పరీక్ష గురించి విని తెగ ముచ్చటపడిపోయాడు. ఇంత మంచి పరీక్ష కొత్తవాళ్ళకే ఎందుకు, ఏడాదికోసారి అందరూ రాయాలి అన్నాడు. అందరూ అంటే డేగ కూడా. పైగా ఆయనే ముందు నిలబడితే మిగతావాళ్ళకి ఉత్సాహంగా ఉంటుందట! తను తవ్విన గోతి లోతు డేగకి బాగా తెలుసు.

పరీక్ష ముందురోజు సామాను గదిలో, అట్టపెట్టెల మధ్య మేనకోడల్ని పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఎవరినీ ఏదీ అడగని మనిషికి ఎలా అడగాలో తెలియలేదు. ఆమే మొదలుపెట్టింది.

“పెద్దసారుకి చెప్పేద్దాం మావయ్యా. చెప్తే పంపెయ్యరు. బిల్లుల దగ్గరో, ఫోన్లు చూసుకునే చోటో కూర్చోబెడతారు.”

“ఫ్రిజ్ తలుపు తీసి వెయ్యమంటారు. నేను పంపినవాళ్ళే పక్కన నిలబడి చూస్తారు. దానికన్నా చావు నయం.”

ఆమె అట్టపెట్టె మీది టేపు గోటితో గీరింది. తప్పని తెలుసు. ఈ మనిషి బతిమాలుకోవడం చూడలేకపోయింది, అదీ సంగతి. పక్కనే నిలబడతాననీ, ఎడమ నుంచి వరసగా ఒక్కో టీవీకి, ఫుల్ హెచ్‌డీ అయితే పెన్ను ఒకసారి నొక్కుతాననీ, ఫోర్‌కె అయితే రెండుసార్లనీ చెప్పింది. కళ్ళు పోయినా చెవులు ఉన్నాయి కదా.

మర్నాడు పెద్దసారు దగ్గరుండి టీవీలు తారుమారు చేయించి, కార్డులు తీయించి, ఆట పెట్టించాడు. నలుగురు వరసగా నిలబడ్డారు. డేగ, పక్కన మేనకోడలు, ఆ తర్వాత పొడుగాయన, చివర కొత్తగా చేరిన ఒకావిడ. పన్నెండు తెరల మీదా కార్లు పరుగెత్తుతున్నాయి. డేగకి రంగుల మరకలు కదులుతున్నట్టుంది తప్ప కంచె లేదు, తీగ లేదు. పక్కన పెన్ను టక్కుమన్నప్పుడల్లా రాసుకుంటూ పోయాడు. చెమటకి కాగితం చేతికి అంటుకుపోయింది.

ఫలితం చెప్పారు. డేగకి పన్నెండు, మేనకోడలికి పన్నెండు. చివరావిడకి పది. పొడుగాయనకి పది. పొడుగాయనది మొదటినుంచీ కుళ్ళుబుద్ధే. ఎవరి పెన్నో గానీ మామా కోడళ్ళ మధ్య టక్కుటక్కుమంటూనే ఉంది సార్, ఇద్దరివీ పన్నెండూ కలవడం చూస్తే ఏదో మతలబుంది అని ఎక్కించాడు.

ఏం చెప్పమంటారు, మనుషుల బుర్రలు ఎటు తిరుగుతాయో! పెద్దసారికి రెండో ఆలోచనే రాలేదు. ఆ విభాగంలో ఎవరికీ రాలేదు. డేగ ఎవరినో అడిగి రాయడమేమిటి? ఏడాది అనుభవం ఉన్న అమ్మాయికి మావయ్య అందించాడు, ఇందులో తెలియనిదేముంది? కిందటేడు తెచ్చుకున్న పన్నెండూ అలాంటివే అయ్యుంటాయి! ఆమె నోరు తెరవబోయి, తెరిస్తే ఏం బయటపడుతుందో గుర్తొచ్చి, మావయ్య వైపు చూసింది.

పెద్దసారు కాస్త నవ్వుతూనే అడిగాడు. “మీరేనా?”

ఒక్క మాట చాలు. నేను కాదండీ, నాకే ఆమె అందించింది అంటే అయిపోయేది. ఆ మాట డేగ నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా నలుగురి ముఖాలు ఉన్నాయి, ఒక్క ముఖమూ ఆయనకి కనిపించడం లేదు. కనిపించకపోయినా వాళ్ళు తననే చూస్తున్నారని తెలుసు. తల దించుకున్నాడు.

“మా చెల్లెలి కూతురు సార్. భయపడుతుంటే చూడలేకపోయాను. తప్పు నాదే.”

చూశారా, ఎంత పెద్దమనిషి మాటో! పెద్దసారు కరిగిపోయాడు. బంధుప్రీతి ఉండొచ్చు గానీ ఇక్కడ పనికిరాదని మెత్తగా మందలించి, డేగ భుజం తట్టాడు. నియమం మాత్రం నియమమే, అదీ మీరు పెట్టిందే అన్నాడు. మేనకోడల్ని ఆ మధ్యాహ్నమే ఫ్రిజ్‌ల దగ్గరికి మార్చారు. ఆమె గల్లా కింద అరలోంచి తన మంచినీళ్ళ సీసా తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చెల్లెలు ఫోన్ చేసింది. తిట్టబోతోందని ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాడు. చెల్లెలు తిట్టలేదు. పిల్ల అంతా చెప్పిందట. తనకే సరిగ్గా కనిపించక గాభరాపడితే మావయ్య అందించాడనీ, పాపం పెద్దసారు చేత మాటపడ్డాడనీ చెప్పిందట. “మా పిల్ల కోసం నీ పేరు పణంగా పెట్టావు అన్నయ్యా, నీ రుణం ఎలా తీర్చుకోవాలి” అని ఏడ్చింది. డేగ ఊఁ అన్నాడు. ఇంకేమంటాడు? పక్కన భార్య అన్నం పెడుతూ ఎవరని అడిగితే, ఎవరూ కాదన్నాడు.

తెల్లారింది. పరీక్షకి తీసిన కార్డులు ఇంకా పెట్టలేదు. టీవీలు పెద్దసారు తారుమారు చేయించిన వరసలోనే ఉన్నాయి. షట్టరు ఎత్తారో లేదో, ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు. కొత్త గేమింగ్ పెట్టె కొన్నాడట, ఎక్కువగా కారు పందేలే ఆడతాడట, సోఫాకీ గోడకీ మధ్య ఆరడుగులట. యాభై అయిదు అంగుళాల ఫోర్‌కె, కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. ఏం కావాలో డేగకి ఇసుమంత సందేహం లేదు. పన్నెండిట్లో అది ఎక్కడుందో మాత్రం తెలియదు, నిన్న గాభరాలో పెన్ను చప్పుడు విని రాసిందేదీ గుర్తులేదు. ఒక్క నిమిషం అని చెప్పి, నడవా దాటి ఫ్రిజ్‌ల వైపు వెళ్ళాడు.

మేనకోడలు ఒక ఫ్రిజ్ తలుపు మీద వేలిముద్రలు తుడుస్తోంది. ఆయన దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అడగనవసరం లేకపోయింది, పళ్ళ డాక్టరు మాటలు నడవా ఇవతలకీ వినిపించాయి.

“ఎడమ నుంచి రెండు, అయిదు, తొమ్మిది ఫోర్‌కెలు సార్. యాభై అయిదు అంగుళాలది అయిదోది.”

సార్ అంది. గుడ్డ మడతపెట్టి తుడవడం మళ్ళీ మొదలుపెట్టింది. ఆ ముఖంలో కోపముందో, జాలి ఉందో, ఏమీ లేదో చూద్దామన్నా ఆయనకి ముఖం ఉండాల్సిన చోట మసే ఉంది. అప్పుడు తట్టింది. నిజం చెప్పిందో, కసికొద్దీ తప్పు చెప్పిందో తనకెలా తెలుస్తుంది? తప్పు చెప్పినా చెయ్యగలిగేదేముంది? తను ఆ స్థానంలో ఉంటే తప్పే చెప్పేవాడు.

వెనక్కొచ్చి అయిదో టీవీ ముందు నిలబడి, ఎప్పటి గొంతుతోనే కంచె తీగ చూడండి, మూల అంకెలు చూడండి అన్నాడు. అబ్బ, ఎంత స్పష్టంగా ఉందండీ అన్నాడు పళ్ళ డాక్టరు. ఆ మాటకి విలువ లేదు. డేగ ఏది చూపించినా జనం ఆ మాటే అంటారని ఇరవై రెండేళ్ళుగా ఆయనకి తెలుసు. బిల్లు కోసం పొడుగాయన టీవీ వెనక్కి వంగి, అక్కడ రాసి ఉన్నది పైకి చదివాడు. డేగ చెవి అటే పెట్టి విన్నాడు.

యాభై అయిదు, ఫోర్‌కె. నిజమే చెప్పింది.

డేగకి సంతోషం కలగలేదు. ఆ పిల్ల అబద్ధం చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. నలుగురిలో నవ్వులపాలైనా, చెల్లుకు చెల్లు అయిపోయేది. ఇప్పుడు ఈ వరస మారినప్పుడల్లా నడవా దాటి వెళ్ళి ఆ పిల్ల ముందు నిలబడాలి. ఆమె సార్ అని నిజమే చెబుతుంది. రిటైరయ్యేదాకా అంతే.