మా అయ్య కంప్యూటర్‌ని మెట్ట ఎక్కించిన రోజు

మా చిన్నప్పుడు... జి.మాడుగుల సంతలో మా అయ్య ఎద్దును కొంటున్నాడంటే నాకు పండగే. అమ్మేవాళ్ళకి మాత్రం చచ్చే చావు!

పళ్ళు చూడటం, గిట్టలు చూడటం అందరూ చేసేదే. అయ్య అక్కడితో ఆగేవాడు కాదు. ఎద్దుకి ఓ దుంగ కట్టించి, సంత వెనకున్న మెట్ట, అంటే చిన్న గుట్ట, ఎక్కించేవాడు. పైదాకా వెళ్ళి దిగొచ్చాక దాని డొక్క మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవాడు. ఒళ్ళెంత వేడెక్కిందో, ఎంత రొప్పుతోందో ఆ చేతికే తెలియాలి. మా పొలాలన్నీ ఏటవాలు మరి... మెట్ట ఎక్కలేని ఎద్దుతో మాకేం పని?

తర్వాత నేను పెద్దదాన్నయ్యి, పాడేరులో డిగ్రీలో చేరి కంప్యూటర్స్ తీసుకున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. ల్యాబ్‌లో ఒక్కో కంప్యూటర్‌కి నలుగురం... నా వంతు వచ్చేసరికి మా ఊరి జీపు బయల్దేరే వేళయ్యేది. "ఇంట్లో ఒకటి లేకపోతే నేను పాసవ్వను అయ్యా" అని ఏడ్చి సాధించాను. ఆ ఏడాది కాఫీ, మిరియాలు బాగా పండాయి. అయ్య సరేనన్నాడు.

నిజం చెప్పొద్దూ... చదువు సగమే. మిగతా సగం కార్ల రేసు ఆట! ల్యాబ్‌లో సార్ లేనప్పుడు ఒక్కసారి ఆడాను, అప్పట్నుంచి అదే పిచ్చి. కానీ అయ్యతో ఆ మాట అంటానా? ఆట కోసమని తెలిస్తే వచ్చిన బస్సులోనే వెనక్కి తీసుకెళ్ళిపోతాడు.

విశాఖలో ఓ చిన్న షాపు. మేం పెట్టగలిగిన దాంట్లో రెండే ఉన్నాయి. ఒకటి నల్లగా నిగనిగలాడుతూ, లోపల నీలం లైట్లు వెలుగుతూ... రెండోది వెలిసిపోయిన తెల్ల డబ్బా. మా ఇంట్లో బియ్యం డబ్బా దానికన్నా నయం. నా కళ్ళన్నీ నల్లదాని మీదే.

"ఇదే అయ్యా... సదువుకి ఇదే బాగుంటాది" అన్నాను, మొహం బుద్ధిగా పెట్టి.

అయ్య రెండిటి చుట్టూ తిరిగాడు. వంగి వెనక్కి కూడా చూశాడు. "బాబూ, రెండిటినీ ఓ గంట మెట్ట ఎక్కించి సూపించండి. అప్పుడు డబ్బులిత్తాను."

షాపాయన బిత్తరపోయాడు. "ఇదేమన్నా ఎద్దా పెద్దాయనా? ఆన్ చేస్తే బొమ్మ వస్తుంది, చాలదా?"

"ఆన్ అవడమంటే లేసి నిలబడ్డమే కదా బాబూ. సంతలో ఎద్దులన్నీ నిలబడే ఉంటాయి" అని అయ్య నా వైపు తిరిగాడు. "ఏటే గుంటా, నీకే తెలియాల. దీంతో సేయించే పనుల్లో అన్నిటికన్నా బరువైన పనేటి?"

టైపు చేయడం, ప్రోగ్రాములు రాయడం... అవన్నీ దానికి చదును నేల మీద నడకే. బరువైన పని ఒక్కటే. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ అయ్య డబ్బుల సంచిని చంకలో అదిమి పట్టుకుని నా నోటి వైపే చూస్తున్నాడు. అమ్మా, అయ్యా చలిలో వంగి కోసిన కాఫీ పళ్ళ డబ్బులవి. పనికిరానిది కొనిపిస్తే నన్ను నేను క్షమించుకోలేను. చెప్పేశాను.

"ఆట అయ్యా. కార్ల రేసాట. దీనికి అదే మెట్ట."

అయ్య నన్నో చూపు చూశాడు. "అయితే ఆడు" అన్నాడు.

నల్లదాని ముందు నేను, తెల్లదాని ముందు షాపాయన. అయ్య మధ్యలో నిలబడి, రెండు డబ్బాల మీదా చెరో చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. షాపులో జనమంతా మా చుట్టూ మూగారు. సిగ్గుతో చచ్చిపోయాను... కానీ ఆట మాత్రం ఆపలేదు!

అరగంట కాలేదు. "ఇది ఒళ్ళు కాలిపోతంది" అని అయ్య నల్లదాని మీంచి చెయ్యి తీసేశాడు. కాసేపటికే నా కారు మలుపు తిరుగుతుండగా తెర మొత్తం చీకటైపోయింది. షాపాయన "కరెంటు..." అనబోయి, తన ముందున్న తెల్లది నడుస్తూనే ఉండటం చూసి నాలిక కరుచుకున్నాడు. తర్వాత ఆయనే పగలబడి నవ్వి, "మీరు మా షాపులో చేరిపోండి పెద్దాయనా" అన్నాడు.

తెల్లదాన్ని దుప్పట్లో చుట్టి బస్సెక్కాం, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. భయంతో అయ్య మొహం చూడలేదు. ఘాట్ రోడ్డు సగం ఎక్కాక ఆయనే అన్నాడు... "ఆట కోసమని ముందే తెలిస్తే వచ్చీవోణ్ణే కాదు. అడిగినప్పుడు అబద్దం సెప్పనేదు నువ్వు. సదివినాక ఆడుకో."

అమ్మయ్య! ఆ రోజు నా అంత సంతోషంగా ఆ బస్సులో ఎవరూ లేరు.

ఆ డబ్బా డిగ్రీ అయ్యేదాకా ఒక్కసారి కూడా మొరాయించలేదు. సాయంత్రం అయ్య పొలం నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, దాని మీద అరచెయ్యి వేసి, "ఒలే, ఓపాలి మెట్ట ఎక్కించు, సూద్దాం" అనేవాడు. నాకు ఆటకి పిలుపు అదే! పాసయ్యాను కూడా, నమ్మండి.

మొన్న మా అమ్మాయికి కాలేజీకని ల్యాప్‌టాప్ కొన్నాం. ఫోన్లో బొమ్మ చూసి, ఎవరెవరో ఇచ్చిన రేటింగ్ చుక్కలు లెక్కబెట్టి, వేలితో నొక్కితే నాలుగో రోజుకి అట్టపెట్టె ఇంటికొచ్చింది. ఇప్పుడు మాతోనే ఉంటున్న అయ్య దాన్ని చూసి, "మెట్ట ఎక్కించకుండానే కొనీసేరేటి?" అన్నాడు.

"నచ్చకపోతే పది రోజుల్లో వెనక్కి పంపించెయ్యొచ్చు తాతా" అంది మా అమ్మాయి.

"పది రోజులు మెట్ట ఎక్కించుకోమన్నారన్నమాట... మంచోళ్ళే!" అని అయ్య దాని పక్కన కూర్చుని, అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "ఊఁ... ఆడు గుంటా" అన్నాడు మనవరాలితో.

ఇప్పుడు రకాలు పెరిగాయి, షాపు అరచేతిలోకే వచ్చేసింది. కానీ ఓ వస్తువు కోసం అంతసేపు నిలబడే ఓపిక, నవ్వుతూ నిలబడనిచ్చే షాపాయన... మళ్ళీ ఎక్కడ దొరుకుతారు?

మీ ఇంటి మొదటి కంప్యూటర్‌ని ఎవరు ఎంచుకున్నారు, ఏం చూసి ఎంచుకున్నారు? రాయండి... సాయంత్రం అయ్యకి చదివి వినిపిస్తాను.