పొద్దు గూకిందని చెప్పే పని

దుబాయ్‌లో ఏం పని అని మా ఊళ్ళో ఎవరైనా అడిగితే "క్రేన్" అంటాను. రోడ్డు మీద ఆగిపోయిన బళ్ళను లాక్కెళ్ళే క్రేన్ అనుకుని తలూపుతారు. నేనూ సరిదిద్దను. కడుతున్న భవనం కన్నా ఎత్తున, అద్దాల గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంటానని చెబితే, వీడు కోతలు కోస్తున్నాడంటారు.

కరోనా సద్దుమణిగాక మా కంపెనీకి ఒక ఆఫీసు టవర్ పని దొరికింది. అంతకుముందు నేను ఇళ్ళ టవర్ల మీద పనిచేశాను, హోటళ్ళ మీద పనిచేశాను. ఆఫీసు టవర్ అనగానే నాకు చిన్నచూపు. పడుకోరు, వండుకోరు, ఈ కొంపకు ఇంత ఎత్తెందుకని బస్సులో గొణిగాను. ఆ కట్టడమే నా నోరు మూయించింది. లిఫ్టులూ మెట్లూ ఉండే కాంక్రీటు గోడలు మధ్యలో ముందు లేస్తాయి. వాటి చుట్టూ ఉక్కు దూలాలు, దూలాల మీద అంతస్తులు, వెనకాలే గాజు పలకలు. పెళ్ళి పంక్తిలో వడ్డించేవాళ్ళు ఒకరి వెనక ఒకరు కదిలినట్టు కదిలేవాళ్ళు మావాళ్ళు. ముందువాడు ఆగడు, వెనకవాడు తోయడు. నా క్రేన్ ఆ మధ్య గోడల లోపలే నిలబడి, భవనం పెరిగినప్పుడల్లా జాకీల మీద తనను తానే పైకెత్తుకునేది. ఇన్నేళ్ళు నడిపినా ఆ ముచ్చట నాకు తీరలేదు. చుట్టుపక్కల టవర్లన్నీ ఒక్కొక్కటే మా కిందికి దిగిపోతుంటే, వాటిని నేనే ఓడించినట్టు మీసం దువ్వుకునేవాణ్ణి.

నిజానికి ఈ పనిలో నా కళ్ళు సగమే. మిగతా సగం రిగ్గర్‌వి. సామాను హుక్కుకు కట్టేదీ, అది ఎటు వెళ్ళాలో రేడియోలో చెప్పేదీ అతనే. నా రిగ్గర్ కడప జిల్లా సాయిబు, నాకన్నా పెద్దవాడు. నేను జగిత్యాల వైపు వాణ్ణి. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడా అనేవాడు. సామాను మధ్య గోడలు దాటి అవతలికి దిగిందంటే ఇక నాకేమీ కనపడదు. అప్పుడు ఆయన గొంతే దారి. ఎత్తాలంటే "హబేస్", దించాలంటే "ఆరియా". రేవుల్లో పనిచేసే ఖలాసీల మాటలట ఇవి. ఇక్కడ మన దేశపు రిగ్గర్లందరి నోటా అవే. దించేంతసేపూ "ఆరియా, ఆరియా" అంటూనే ఉండాలి. గొంతు ఆగితే నా చెయ్యి ఆగాలి. అది ఖరారు.

ఆయనలో నాకు నచ్చిన గుణం ఒకటుంది. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడు. "కనపడలేదు తమ్ముడా, ఉండు, ఆ పక్కకు పోయి చూసొస్తా" అనేవాడు. ఫోర్‌మన్ పళ్ళు కొరుకుతున్నా సరే, వెళ్ళి చూసే వచ్చేవాడు. హుక్కుకు వేలాడే బరువు కింద నలుగురి ప్రాణాలుంటాయి. అలాంటి చోట "కనపడలేదు" అనగలిగిన మనిషిని నేను కళ్ళు మూసుకుని నమ్ముతాను. నమ్మాను కూడా.

టవర్ సగం దాటాక రంజాన్ నెల వచ్చింది. మా ముఠాకు మధ్యాహ్నం ఎండ తగ్గాక షిఫ్ట్. మొదటి రోజు సాయంత్రం కింది మసీదుల నుంచి, పొద్దు గూకగానే ఇచ్చే మగ్రిబ్ అజాన్ వినిపించింది. పై అంతస్తులో రోజా, అంటే ఉపవాసం, ఉన్నవాళ్ళంతా వరుసగా కూర్చుని ఖర్జూరాలు చేతుల్లోకి తీసుకున్నారు. నా గదిలోనేమో ఎండ ఇంకా కళ్ళలో పొడుస్తోంది. ఆగలేక రేడియో నొక్కాను.

"గదేంది భాయ్, పొద్దు ఇంక ఉన్నది గద!"

వాళ్ళ చుట్టూ నిలువెత్తు రక్షణ తెరలు. పడమర ఎవరికీ కనపడదు. కొందరి నోట్లో ఖర్జూరం అప్పటికే పడిపోయింది. ఒకడు ఉమ్మేశాడు. ఒకడు మింగేసి, మింగాక చెప్పినందుకు నన్ను తిట్టాడు. ఆ రాత్రి భాయ్ మేముండే లేబర్ క్యాంపు మసీదులో ఇమామ్ గారిని అడిగాడు. అంత ఎత్తున ఉన్నవాళ్ళకు పొద్దు ఆలస్యంగా గూకుతుంది, మీకు కనిపించే పొద్దే మీకు లెక్క, తెలియక తిన్నదాన్ని అల్లా చూసుకుంటాడు, రేపటి నుంచి ఆగండి అన్నారట ఆయన. నిమిషమో రెండు నిమిషాలో తేడా. కానీ రోజంతా దాహంతో ఉన్నవాడికి అది చిన్న తేడా కాదు.

ఆ విధంగా ఆ పని నా నెత్తిన పడింది. రోజూ కింద అజాన్ అయ్యాక, రేడియోలో భాయ్ అడిగేవాడు. "గూకిందా తమ్ముడా?" నేను చూసి చెప్పేవాణ్ణి. సముద్రంలోకి చివరి అంచు దిగిపోయాక "గూకింది" అంటే చాలు, కింద బాటిళ్ళ మూతలు తిరిగేవి. "ఏందిరా, రేపట్నుంచి అజాన్ గిట్ల నువ్వే ఇస్తవా?" అని రూములో మావాళ్ళు ఏడిపించేవాళ్ళు. మంగళవారం ఒక్కపొద్దు ఉండే నేను వాళ్ళ ఉపవాసానికి కాపలాదారునయ్యాను. నాకు మాత్రం మహా గర్వంగా ఉండేది. జీతం రాని ఆ ఉద్యోగంలో పడినంత గర్వం మళ్ళీ ఎన్నడూ పడలేదు.

నెల చివర్లో ఒకరోజు దుమ్ము లేచింది. పడమర అంతా ఇటుక రంగు. భాయ్‌కి రెండు రోజులుగా దగ్గు, ఒళ్ళు వెచ్చగా ఉంది. "పానం బాగ లేనోళ్ళు రోజా ఇడిచిపెట్టొచ్చట గద" అని బస్సులోనే అన్నాను. "ఇడిచిపెట్టొచ్చు తమ్ముడా. నేను ఇడిచిపెట్టను" అన్నాడు. ఇంత మొండివాణ్ణి నేను మా నాయన తర్వాత ఈయన్నే చూశాను.

ఆ సాయంత్రం ఒక పొడవాటి ఉక్కు దూలాన్ని మధ్య గోడల అవతలికి దించుతున్నాం. ఆ దూలం ఇప్పుడు ఎవరి ఆఫీసులోనో ఫాల్స్ సీలింగ్ వెనక హాయిగా దాక్కుని ఉంటుంది. అది సగం దిగుతుండగా అజాన్ అయింది. భాయ్ గొంతు పీలగా వస్తోంది. "ఆరియా... ఆరి..." అని దగ్గు. నా చెయ్యి ఆగుతుంది, దూలం ఊగుతుంది. మళ్ళీ "ఆరియా", మళ్ళీ దగ్గు. ఆయన పడిపోతే దూలం పక్కనే పడతాడు. చుట్టూ మనుషులున్నారు.

"గూకిందా తమ్ముడా?" అన్నాడు. ఆ గొంతులో తడి లేదు.

పడమర చూశాను. దుమ్ము తప్ప ఏమీ లేదు. ఒక్క మాట, "గూకింది" అంటే చాలు. నీళ్ళు తాగుతాడు, దూలం భద్రంగా దిగుతుంది. ఎవరికీ తెలియదు. ఆ మాట నా నాలుక చివరికి వచ్చింది. ఆయన మీద ప్రేమతోనే వచ్చింది. కానీ ఇన్ని నెలలుగా ఈ రేడియోలో ఆయన నాకు చూడనిది ఒక్కటీ చెప్పలేదే! ఆయన బతకాలనే అయినా సరే, ఇందులో అబద్ధం పోస్తే రేపటి నుంచి దీన్ని చెవి దగ్గర ఎలా పెట్టుకుంటాను? నాకు ఏడుపొచ్చింది. అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది, ఆయన మీద, దుమ్ము మీద, ఆ దిక్కుమాలిన దూలం మీద.

"కనవడ్తలేదు భాయ్. గూకిందో లేదో ఎర్క లేదు" అన్నాను.

"సరే తమ్ముడా. ఆరియా..."

నేను దించలేదు. లివర్ మీంచి చెయ్యి తీసేశాను. "అందర్ని దూరం జరుపు భాయ్. నువ్వు గూడ పోయి కూసో. పొద్దు సంగతి తేలెదాంక నేను దించ."

దూలం బ్రేకు మీద గాలిలో ఆగిపోయింది. వెంటనే ఫోర్‌మన్ రేడియోలోకి వచ్చాడు. పెషావర్ పఠాన్, గొంతు విప్పాడంటే కింది గేటు దాకా వినిపిస్తుంది. "యల్లా, యల్లా! క్రేన్ క్యోఁ బంద్ హై?" కానీ కానీ, క్రేన్ ఎందుకు ఆపావని.

"సూరజ్ కా ఇంతెజార్ హై ఉస్తాద్" అన్నాను. సూర్యుడి కోసం చూస్తున్నామని.

ఉతికి ఆరేస్తాడనుకున్నాను. అందరినీ ఆగమన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆయనకూ పొద్దున్నుంచి మంచినీళ్ళు లేవు. కాంక్రీటు పంపు ఆగింది. మనుషులను మోసే లిఫ్టు ఆగింది. నా అద్దాల గదిలోంచి చూస్తే తెరల వెనక టోపీలన్నీ కదలకుండా ఉన్నాయి. ఎవరి మాటా వినకుండా అంతస్తు మీద అంతస్తు లేచిన టవర్, దాన్ని కట్టే ఇన్ని వందల చేతులు, ఒక రోజా కోసం నిలబడిపోయాయి. ఆ భవనం నాకు అంత అందంగా మళ్ళీ కనపడలేదు, పూర్తయి దీపాలు పెట్టినప్పుడు కూడా.

అంతలో సముద్రం అంచున దుమ్ము కాస్త చిరిగింది. ఆ చిరుగులో ఎర్రగా, గాజుముక్కంత పొద్దు. ఉంది. ఇంకా ఉంది.

"ఉన్నది భాయ్! అంచు మీద ఉన్నది. జర ఆగు" అన్నాను. ఆయనను మాటలతోనే నిలబెట్టాలనిపించి గొంతు ఆపలేదు. "పోతున్నది... ఆరియా... ఆరియా... ఇంక జరంత... ఆరియా..." ఎవరో పకపకా నవ్వారు. సూర్యుణ్ణి నేనే హుక్కుకు కట్టి దించుతున్నాననుకున్నారేమో. "బస్. ఖలాస్. గూకింది!"

రేడియోలో చాలాసేపు ఏమీ వినపడలేదు. అందరూ తాగుతున్నారు. ఆ నిశ్శబ్దం కన్నా మంచి చప్పుడు నేను ఎరగను. తర్వాత భాయ్ గొంతు వచ్చింది, తడితో, నింపాదిగా.

"తమ్ముడా, నువ్వు తాగినావా?"

చూసుకున్నాను. పైకి ఎక్కేటప్పుడు తెచ్చుకున్న బాటిల్ మూత కూడా తీయలేదు. ఉపవాసం నాది కాదు కదా, తాగడానికి ఏం అడ్డం? అసలు గుర్తే రాలేదు.

"తాగలే భాయ్."

"తాగు. నువ్వు తాగిందాకా నేను ఆరియా చెప్పను."

మూత తీశాను. సగం నీళ్ళు చొక్కా మీద పోసుకుంటూ, ఆయన వినాలని రేడియో నొక్కి పట్టుకుని, గటగటా తాగాను.