వికారాబాద్ నుంచి తాండూరుకు, ఏ బండీ ఎక్కకుండా

హైదరాబాదు నుంచి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు అనంతగిరి దాకా వచ్చి, టీ తాగి, ఫొటోలు దిగి వెనక్కి తిరుగుతారు. అవతల తాండూరు వైపు ఏముంది, బండల దుమ్ము తప్ప అంటారు. నేను ఆ దుమ్ములోనే పెరిగాను. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి, నాన్న పనిచేసే నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లోనే చేరి ఇన్నాళ్లూ రాళ్లు మోశాను. అందుకే ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. పోయిన వానాకాలం ఒక సెలవు రోజు అనంతగిరి కొండ మీద ఆరుగురి గుంపుకు పంక్చర్ వేస్తూ, ధారూర్ దాటాక లారీలు తిరగని రోడ్లున్నాయని చెప్పాను. "అయితే నువ్వే తీసుకెళ్లు, నీ కూలి ఇస్తాం" అన్నారు. నేను మోటార్‌సైకిల్ అమ్మేసి, గేర్లున్న పాత సైకిల్ ఒకటి కొన్నాను. వచ్చే ఆదివారం ఆ ఆరుగురూ వస్తున్నారు.

నాన్నకు ఇదంతా పిచ్చి. "బండి అమ్మి సైకిల్ కొన్నోన్ని నా జిందగీల నిన్నే చూస్తున్నరా" అన్నాడు. నాలుగో రోజు షరతు పెట్టాడు. "వికారాబాద్ల ఎనిమిదింటికి సైకిల్ ఎక్కు. ఒంటిగంటకు మా అన్నం టైముకు యూనిట్ గేటు కాడ ఉండాలె. నడిమిట్ల ఆటో ఎక్కినా, ట్రాక్టర్ ఎక్కినా, సోమవారం పొద్దుగాల నా ఎంబడి మెషిన్ కాడికి రావాలె."

"ఒంటిగంటకంటే ముందే ఉంట" అన్నాను.

శనివారం పొద్దున తాండూరులో రైలెక్కి వికారాబాద్‌లో దిగాను. సైకిల్‌కు లగేజీ టికెట్ వేరే తీసుకోవాలి, కౌంటర్ దగ్గర అరగంట ముందే అడగండి. మీరు హైదరాబాదు వైపు నుంచి వస్తే కూడా దిగాల్సింది ఇదే స్టేషన్‌లో. సరిగ్గా ఎనిమిదికి తొక్కడం మొదలుపెట్టాను. ఊరు దాటగానే రోడ్డు మెల్లగా పైకి లేస్తుంది, తర్వాత అడవి. చిన్న గేరులో పెట్టి, ఎదురుగా ఉన్న పది అడుగులే చూస్తూ తొక్కితే కాలు కింద పెట్టే పని లేదు. ముప్పావు గంటలో అనంతగిరి పైకి చేరాను. అక్కడ అందరూ ఆగుతారు. నేను ఆగలేదు.

అవతలి దిగుడు ఏటవాలు, మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. రెండో మలుపులో సైకిల్ ఒక గుంతలో పడి లేచింది. వెనక చక్రం నుంచి టక్కుమని చప్పుడు వచ్చింది. దిగి చూడాల్సింది. టైము పోతుందని చూడలేదు. ఈ ప్రయాణంలో నేను చేసిన తప్పు అదే.

కెరెల్లి మీదుగా ధారూర్ చేరేసరికి పది కావస్తోంది. రోడ్డు పక్క హోటల్లో పది రూపాయల టీ తాగుతుంటే, పొయ్యి దగ్గరి అవ్వ నన్నే చూస్తోంది.

"బస్సు లేదా కొడుకా, గిట్ల వొస్తున్నవ్?"

"ఉందవ్వా. ఖుషీకి తొక్కుతున్న."

"ఎండల ఏం ఖుషీరా! మీ అమ్మకు ఎరికేనా?"

వచ్చే ఆదివారం ఇంకో ఆరుగురితో వస్తాను, జొన్నరొట్టె, పప్పు చేస్తావా అని అడిగాను. మనిషికి ఎనభై చెప్పింది. "గా ఆరుగురు గూడ నీ లెక్కనేనా?" అని నవ్వింది. అందరూ నాలాంటివాళ్లే అన్నాను.

ధారూర్ దాటాక పెద్ద రోడ్డు వదిలి ఎడమకు, ఊళ్ల మధ్య రోడ్డు పట్టాను. ఇక్కడి నుంచే అసలు ప్రయాణం. ఎర్ర నేల మిట్టలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి, రెండు వైపులా కోసిన కంది మోళ్లు, అరగంటకు ఒక బండి వస్తే గొప్ప. పది నలభైకి ఒక మిట్ట దిగుతుండగా వెనక చక్రంలో ఒక పుల్ల, అదే స్పోకు, తెగింది. చక్రం వంకర తిరిగి బ్రేకుకు రాసుకుని ఆగిపోయింది. తాండూరు ఇంకా పదహారు కిలోమీటర్లు. దగ్గర్లో సైకిల్ షాపు లేదు.

వెనక నుంచి కందుల బస్తాలతో ఒక ట్రాక్టర్ వచ్చి ఆగింది.

"ఏం తమ్మీ, బండి ఖరాబైందా?"

"బండి లేదన్నా. సైకిలే."

"అయ్యో, ఫైనాన్సోళ్లు గుంజుకపోయిన్రా?"

"ఎవలు గుంజుకపోలే. నేనే అమ్మిన."

అతను ఇంజిన్ ఆపి మరీ నవ్వాడు. "సరే తీ, బస్తాల మీద ఎయ్ సైకిల్ని. తాండూర్ మార్కెట్కే పోతున్న. అర్ధగంటల దించుత."

ఎక్కితే ఎవరికి తెలుస్తుంది? నాన్న పనిచేసే యూనిట్ గేటు నుంచి మార్కెట్ కనబడదు. కానీ సోమవారం మెషిన్ దగ్గర నిలబడకపోయినా, ఆదివారం ఆ ఆరుగురి ముందు నిలబడాలి. వాళ్లలో ఒకరి చక్రం ఇక్కడే తెగితే ట్రాక్టర్ కోసం ఎదురుచూడమంటానా?

"వొద్దన్నా, నేనే జేస్కుంట."

"నీ మర్జీ. పొద్దుగూకేలోపు చేరు మల్ల!" అని వెళ్లిపోయాడు.

సైకిల్ తిరగేసి కూర్చున్నాను. జేబులో పుల్లలు బిగించే తాళం, కాస్త తీగ ఉన్నాయి గానీ, ఏది బిగించాలో, ఏది వదలాలో కంటికి తెలియడం లేదు. అప్పుడు యూనిట్ గుర్తొచ్చింది. అక్కడ ఏ రాయినీ కంటితో నమ్మరు. వేలి కణుపుతో కొడతారు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల చీలిక. అది వినడం నాన్న నేర్పాడు, తప్పు చెప్పినప్పుడల్లా తిట్టి నేర్పాడు. ఒక్కో పుల్లనూ గోటితో కొట్టాను. తెగినదాని పక్కవి ఒక వైపు మొద్దుగా, ఇంకో వైపు మరీ సన్నగా మోగాయి. మొద్దువి బిగించాను, సన్నవి కొంచెం వదిలాను, తెగిన పుల్లను పక్కదానికి తీగతో కట్టాను. నలభై నిమిషాలు పట్టింది. చక్రం బ్రేకును తాకకుండా తిరిగింది. గుంతలన్నీ నెమ్మదిగా దాటుకుంటూ, పన్నెండు యాభైకి యూనిట్ గేటు ముందు దిగాను.

నాన్న ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో, టిఫిన్ డబ్బా పట్టుకుని వస్తున్నాడు.

"ఏ బండెక్కినవ్?"

"ఏదెక్కలే. పుల్ల తెగింది, నేనే సక్కగ జేసిన."

నమ్మలేదు. గొంతుక్కూర్చొని, చక్రం తిప్పుతూ పుల్లలన్నీ వరసగా గోటితో కొట్టాడు. ఒకదాని దగ్గర ఆగి చెయ్యి చాచాడు. తాళం ఇచ్చాను. పావు చుట్టు బిగించి మళ్లీ కొట్టి విన్నాడు. తర్వాత డబ్బా మూత తీసి, సగం అన్నం మూతలోకి తోశాడు.

"తిను. సేటుకు నేను చెప్త, సోమవారం నుంచి ఇంకో మనిషిని చూస్కొమ్మని."

ఆ పనిలోకి నేను మళ్లీ వెళ్లను. ఆయన ఒప్పుకోకపోయినా వెళ్లేవాడిని కాదేమో, అది మాత్రం ఆయనకు చెప్పలేదు. కానీ ఆ దుమ్ములో ఏముంది అని ఇక ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబుంది, విని తప్పు పట్టడం నాకు అక్కడే వచ్చింది. అనంతగిరి నుంచి వెనక్కి తిరిగేవాళ్లు మంచి రోడ్డును వదిలేసి పోతున్నారు, అంతకంటే వాళ్లకు చెప్పేదేం లేదు. మీరు తిరగకండి. మధ్యాహ్నం తాండూరు నుంచి హైదరాబాదు వైపు రైళ్లుంటాయి, టైములు ముందే చూసుకోండి.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఘాట్ రోడ్డు దిగగానే, ఎంత తొందరున్నా సరే, రెండు నిమిషాలు ఆగి రెండు చక్రాల పుల్లలూ గోటితో కొట్టి వినండి. మొద్దుగా పలికిన పుల్లను అక్కడే బిగించుకుని కదలండి.